రాడార్ వరద మ్యాప్‌లో సింగ్‌నగర్ పొడిగా వస్తోంది, ఏం చేయాలి?

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ మునిగింది కదా, ఆ ముంపు మ్యాప్‌ను సెంటినెల్-1 రాడార్ చిత్రాలతో గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో తయారు చేస్తున్నాను. జీఆర్‌డీ డేటా (తిరిగొచ్చిన సిగ్నల్ బలం మాత్రమే ఉండేది), ఐడబ్ల్యూ మోడ్ (నేల మీద మామూలుగా వాడే స్కాన్ పద్ధతి), 10 మీటర్ల పిక్సెల్. వరదకు ముందుదొకటి, నీళ్లున్నప్పటిదొకటి, రెండూ ఒకే ఆర్బిట్‌వి.

ఊరి బయట పొలాల్లో నీళ్లు నల్లగా, చక్కగా కనిపిస్తున్నాయి. విజయవాడలోనే ఉన్న సింగ్‌నగర్‌లో మాత్రం ఏమీ రావడం లేదు. అక్కడ మా పిన్ని వాళ్లింటి గోడ మీద నడుము ఎత్తున బురద చార ఇంకా ఉంది, నా మ్యాప్‌లో ఆ వీధి పొడి నేల.

వీవీలో (నిలువుగా పంపి నిలువుగానే అందుకున్న సిగ్నల్) మైనస్ 16 డెసిబెల్స్ కటాఫ్ పెట్టాను, అంతకన్నా తక్కువైతే నీళ్లని. మైనస్ 13కి పెంచితే తారు రోడ్లు, ఖాళీ స్థలాలు కూడా నీళ్లయిపోతున్నాయి. వీహెచ్ (నిలువుగా పంపి అడ్డంగా అందుకున్నది) చూశాను, రాడార్ చిత్రంలోని చుక్కల నాయిస్‌ను తగ్గించే స్పెకిల్ ఫిల్టర్ మార్చాను, తేడా లేదు. మామూలు ఫొటోల్లాంటి సెంటినెల్-2 చిత్రాల నిండా మబ్బులే. ముందు చిత్రానికీ తర్వాతదానికీ తేడా తీస్తే ఆ వీధుల్లో కొన్ని పిక్సెల్స్ ఇంకా తెల్లబడ్డాయి. నీటి మీద పడిన సిగ్నల్ గోడలకు తగిలి వెనక్కి వస్తోందని, అంటే డబుల్ బౌన్స్ అని నా అనుమానం.

ఇళ్ల మధ్య నిలిచిన నీటిని జీఆర్‌డీతోనే పట్టుకునే పద్ధతి మీలో ఎవరైనా వాడారా, లేక ఎస్‌ఎల్‌సీ డేటా (సిగ్నల్ ఫేజ్ కూడా ఉండేది) దించుకుని కోహెరెన్స్, అంటే రెండు చిత్రాల సిగ్నల్ ఎంత పోలి ఉందో లెక్కించాల్సిందేనా?