ఉగాది సంబరాలు: పెద్దవాళ్ల సెల్ఫ్ డిఫెన్స్ క్లాసు, ఎవరు ఏం చూస్తారు?

కల్చరల్ కమిటీ, మెల్‌బోర్న్: అందరికీ నమస్కారం. అమ్మానాన్నలు చాలామంది ఇక్కడే ఉన్నారు కదా, ఈసారి వాళ్లకోసం 40 నిమిషాల క్లాసు పెడుతున్నాం. వైజాగ్ నుంచి వస్తున్న మా బాబాయ్ గారు నేర్పుతానన్నారు. బాబాయ్ గారూ, ఏమేం కావాలో రాయండి. స్టేజీ మీద రెండు ఇటుకలు పగలగొట్టమని మా కుర్రాళ్ల కోరిక.

బాబాయ్, వైజాగ్: ఇటుకలు వద్దమ్మా. నాకు 66. జూడో మొదలెట్టిందే 50 దాటాక. ఇక్కడ ఒక క్లాసులో, పేరెందుకులే, గచ్చు మీదే పడడం నేర్పించారు. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో తిరిగాను. పరుపేదని అడగకపోవడం నా తప్పు కూడా. అప్పట్నుంచీ ఎక్కడికెళ్లినా ముందు నేల చూస్తాను.

జూడోలో పడడానికీ ఒక పద్ధతుంది, ఉకెమి అంటారు. గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకి తగలకుండా, చేత్తో నేలను చరుస్తూ పడాలి. 1882లో జూడో స్థాపించిన జిగోరో కానో శిష్యురాలు కేకో ఫుకుడా 90 దాటాక కూడా నేర్పేవారు. కానీ అది ఒక్క పూటలో వచ్చే విద్య కాదు. ఆరోజు నేనెవర్నీ పడెయ్యను. కాబట్టి మ్యాట్లు అద్దెకి తేవద్దు, వాటి అంచు తట్టుకునే పడతాం.

సగం సేపు తాయ్ చీలోలా, అంటే చైనావాళ్ల నెమ్మది వ్యాయామంలోలా, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి నెమ్మదిగా మార్చడమే. ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి మ్యూజియం ఎదురుగా రోజూ నేను చేసేదదే, చూసేవాళ్లకి నిద్రొస్తుంది. తాయ్ చీ వల్ల పడిపోయేవాళ్లు 20 శాతం దాకా తగ్గొచ్చని వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ సంస్థ సమీక్ష 2019లో చెప్పింది.

తర్వాత చెయ్యి విడిపించుకోవడం. ఎవడైనా మణికట్టు పట్టుకుంటే వాడి బొటనవేలి వైపు తిప్పి లాగాలి, పట్టులో సందు అక్కడే. విడిపించుకుని నిలబడొద్దు, అరుస్తూ జనంలోకి వెళ్లిపోవాలి. ఆ అరవడమే మనవాళ్లకి రాదు, నలుగురిలో సిగ్గు! గొలుసు లాగితే వదిలెయ్యమని కూడా చెప్తాను. మా వీధిలో ఒకావిడ వదలకపోతే బండితో పాటు ఈడ్చుకుపోయారు.

హాల్ డ్యూటీ: బాబాయ్ గారూ, పెద్దవాళ్లకి కుర్చీలు వేద్దామంటే హాల్లో ఉన్నవాటికి చక్రాలున్నాయండి.

బాబాయ్: అయితే అవి వద్దు నాయనా. చక్రాల్లేనివి 20 చూడు, గోడకి ఆనించి వెయ్యి.

రిజిస్ట్రేషన్: మా అమ్మకి మోకాలు మార్చారు. రావొచ్చా?

బాబాయ్: డాక్టర్ సరేనంటే రమ్మను, కుర్చీలో కూర్చునే చేస్తుంది. బీపీ, ఎముకల బలహీనత, రక్తం పలచబడే మాత్రలు, ఈ మూడూ ఫారంలో అడుగు. చీరైనా పర్లేదు, కుచ్చిళ్లు కాస్త పైకి. చెప్పులు మాత్రం వద్దు, బూట్లే.

ఫుడ్ కమిటీ: భోజనాలయ్యాక రెండింటికి పెట్టమంటారా?

బాబాయ్: పులిహోర తిన్నాక ఎవరు లేస్తారమ్మా? పదకొండింటికే పెట్టండి. నాకిద్దరు కుర్రాళ్లని ఇవ్వండి, ఒకడు చెయ్యి పట్టుకోడానికి, ఇంకొకడు పెద్దవాళ్ల వెనకాల నిలబడడానికి. మాడుగుల హల్వా తెమ్మని ఎవరో రాశారు. అక్కడి ఎయిర్‌పోర్టులో తినేవన్నీ ఫారంలో రాసి చూపించాలి. రానిస్తారో లేదో కనుక్కుని చెప్తే అప్పుడు కొంటాను.