కార్వెట్ రబ్బరు సీళ్లకు స్టేపుల్ పిన్నులా, ప్లాస్టిక్ బొత్తాలా?

ఎడమచక్రం: నమస్కారం. నా 1969 కార్వెట్ స్పోర్ట్స్ కారులో ముందు చక్రాల దగ్గర, పై కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని చట్రానికి కలిపే చేయి) చుట్టూ ఉండే రబ్బరు సీళ్లను మారుస్తున్నాను. చక్రం చిమ్మే బురదను ఇంజను గదిలోకి రానివ్వకపోవడం వీటి పని. కర్మాగారంలో వీటిని లోపలి ఫెండరు (చక్రం పైనుండే కప్పు) ఫైబర్‌గ్లాసుకు లావు తీగ స్టేపుల్ పిన్నులతో బిగించారు. కుడివైపు పాత పిన్నులు తుప్పు పట్టినా నిలిచే ఉన్నాయి. ఎడమవైపు రంధ్రాలు మాత్రమే మిగిలాయి. ఇంజను బిగించి ఉండగా పిన్ను కాళ్లు వంచడానికి చేయి దూరడం లేదు. రంధ్రంలోకి నొక్కితే పట్టుకునే ప్లాస్టిక్ బొత్తాలు వాడితే తప్పవుతుందా?

పాతరేకు: తప్పే అవుతుంది. చక్రం ఊడదీసి, బండిని స్టాండ్ల మీద నిలిపి, సీలును కాసేపు ఎండలో ఉంచి మెత్తబడ్డాక పని మొదలుపెట్టండి. మొదట మధ్య రంధ్రానికి పిన్ను గుచ్చి, అక్కడి నుంచి రెండు చివరలకూ వెళ్తే రబ్బరు ముడతపడదు. ఒకరు పిన్ను నడుమును నొక్కి పట్టుకోవాలి, రెండోవారు వంపు ముక్కు ప్లయరుతో కాళ్లను లోపలికి, ఒకదానికొకటి ఎదురుగా వంచాలి.

ఆదివారం డ్రైవర్: నా బండికి నాలుగేళ్ల క్రితం బొత్తాలు పెట్టాను, ఒక్కటీ ఊడలేదు. మామూలు ఇనుప పిన్ను తడికి తుప్పు పడుతుంది. గట్టిగా వంచితే రంధ్రం అంచున ఫైబర్‌గ్లాసు పెచ్చులూడుతుంది. పైగా నా బండిలో మిగిలిన పాత పిన్నుల కాళ్లు బయటికే వంగి ఉన్నాయి, లోపలికి కాదు.

పాతరేకు: బయటికి వంగి ఉన్నాయంటే వాటిని ఎవరో తరువాత మార్చి ఉంటారు.

ఆదివారం డ్రైవర్: ఆ బండిని మొదటి యజమాని నుంచే కొన్నాను. చూడకుండానే ఎలా తేలుస్తారు?

గరాజు నీడ: స్టెయిన్‌లెస్ తీగతో పిన్నులు చేయించుకుంటే తుప్పు గొడవ ఉండదు కదా.

పాతరేకు: సమస్య తుప్పు ఒక్కటే కాదు. నేషనల్ కార్వెట్ రెస్టోరర్స్ సొసైటీ అనే పాత కార్వెట్ల పునరుద్ధరణ సంఘం వారు బండి కర్మాగారం నుంచి ఎలా బయటికి వచ్చిందో అలా ఉందా అని చూస్తారు; వారి టాప్ ఫ్లైట్ గుర్తింపుకు 94 శాతం మార్కులు రావాలి. ఇలాంటి చిన్నవాటి దగ్గరే మార్కులు పోతాయి. అంతకంటే పెద్ద బాధ నాకు మరొకటి ఉంది. పూర్తిగా పునరుద్ధరించామని చెప్పి ఒకరు నాకు అమ్మిన బండిలో కొత్త సీళ్ల కింద స్క్రూలు బయటపడ్డాయి. పాత రంధ్రాలను వదిలేసి కొత్తవి తొలిచారు, ప్రతి రంధ్రం నుంచీ బీట పాకింది. ఆ ఫెండర్లను బాగుచేయడానికి నాకు ఒక చలికాలం మొత్తం పట్టింది.

ఆదివారం డ్రైవర్: మీకు జరిగిన అన్యాయానికి నేను బాధ్యుడిని కాను. నేను కొత్తగా ఒక్క రంధ్రమూ తొలవలేదు. పోటీకి వెళ్లని మనిషికి మార్కుల లెక్క చెప్పి తప్పు చేశావనడం ఏమి న్యాయం? మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్. చేతిలో ఉన్న సామానుతో లారీని తెల్లారేలోగా రోడ్డెక్కించడమే ఆయన వృత్తి. బండిని తిరిగేలా చేసిన పనిని ‘తప్పు’ అంటే నేను ఒప్పుకోను.

పాతరేకు: మీ నాన్నగారి పనిని నేను ఒక్క మాట కూడా అనలేదు. రేపు మీరు బండి అమ్మేటప్పుడు బొత్తాలు పెట్టానని కొనేవారికి చెబుతారా?

ఆదివారం డ్రైవర్: చెబుతాను. అడక్కపోయినా చెబుతాను. ఈ ప్రశ్న మొదటే అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

పాతరేకు: అలాగైతే మీ బండి విషయంలో నాకు అభ్యంతరం లేదు. నాకు జరిగింది మరొకరికి జరగకూడదన్నదే నా పట్టుదల. అయినా ఎడమచక్రం గారి బండిలో కర్మాగారపు పిన్నులు ఒకవైపు ఇంకా ఉన్నాయి కాబట్టి, రెండోవైపు బొత్తాలు పెట్టడం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు.

ఆదివారం డ్రైవర్: అది ఆయన బండి, ఆయన ఇష్టం. చేయి దూరకపోతే పిన్ను కోసం ఇంజను దించాలా?

గరాజు నీడ: కుడివైపు పాత పిన్నుల కాళ్లు ఎటు వంగి ఉన్నాయో చూసి చెప్పండి.

ఎడమచక్రం: ఇప్పుడే దీపం పెట్టి చూశాను. మూడు లోపలికి, ఒకటి బయటికి వంగి ఉన్నాయి. వాటిని ఈమధ్య ఎవరూ కదిపినట్టు లేదు. కుడివైపు సీలు చిరగలేదు కాబట్టి దాన్ని ముట్టుకోవడం మానుకున్నాను. ఎడమవైపు ఎయిర్ క్లీనరు, వైర్లు పక్కకు జరిపితే మా అమ్మాయి చేయి దూరింది. శనివారం తను లోపల ప్లయరు పట్టుకుంటుంది, నేను చక్రం వైపు నుంచి పిన్నులు గుచ్చుతాను. చేయి అందని చివరి రంధ్రం ఒకటి ఉంది. దానికి మాత్రం బొత్తమే పెడతాను.