పదో తరగతి లెక్కల పేపర్లో పుస్తకంలో లేని లెక్క ఇవ్వొచ్చా?

లంక మాస్టారు:
గౌతమి గట్టు పక్కన ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పోయిన వారం మా పదో తరగతికి స్లిప్ టెస్ట్ పెట్టాను. వాస్తవ సంఖ్యల పాఠం అయిపోయింది, రివిజన్ కూడా రెండుసార్లు అయింది. ‘√5 కరణీయ సంఖ్య (రెండు పూర్ణసంఖ్యల భిన్నంగా రాయలేనిది) అని నిరూపించండి’ అన్నది పిల్లలందరికీ కంఠతా వచ్చు. అందుకని ఐదు తీసేసి తొమ్మిది పెట్టాను. ‘√9 కరణీయ సంఖ్యా, కాదా? కారణం రాయండి’ అని.

31 మందిలో 19 మంది √9 కరణీయ సంఖ్యే అని నిరూపించేశారు! √9 = ఎ/బి అనుకుందాం అన్నారు. ఎ, బి సాపేక్ష ప్రధానాంకాలు, అంటే 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి అన్నారు. రెండు వైపులా వర్గం చేశారు. ఎ వర్గాన్ని 9 భాగిస్తుంది కాబట్టి ఎ ని కూడా 9 భాగిస్తుంది అన్నారు. చివర్న ‘ఇది మన ఊహకు విరుద్ధం’ అని రాసి కింద గీత కూడా గీశారు. చేతిరాత ముత్యాల్లా ఉంది.

వాళ్లలో ఒకమ్మాయి పేపరు దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. మార్జిన్లో రఫ్ వర్కు కింద √9 = 3 అని వేసుకుంది. తర్వాత దాన్ని కొట్టేసి, నిరూపణ మొత్తం రాసింది.

ఇప్పుడు పబ్లిక్ పేపరు వంద మార్కులు, 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఇందులో ఒక్క 20 మార్కులకైనా పుస్తకంలో, గైడులో ఎక్కడా లేని లెక్క ఇవ్వాలని నా వాదన. లేకపోతే మనం పరీక్షిస్తున్నది బీజగణితమూ కాదు, రేఖాగణితమూ కాదు, జ్ఞాపకశక్తి. మీరేమంటారు?

పాలకొల్లు అమ్మ:
మాస్టారూ, మీరు చెప్పింది వినడానికి బాగానే ఉందండి. మా అమ్మాయి ఈ ఏడాదే పదో తరగతి. నూజివీడు ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు, వేరే ఎంట్రన్స్ లేదు. ఒక్క ఎనిమిది మార్కుల లెక్క పోతే సీటు పోయినట్టే. అక్కడ మీరు ప్రయోగం చేస్తానంటే ఎలాగండీ?

ఇంకో మాట. 2019లో రాష్ట్రంలో పదో తరగతి పాసైనవాళ్లు 94.88 శాతం. తర్వాత రెండేళ్లు కరోనా వల్ల పరీక్షల్లేవు, అందరూ పాస్. 2022లో పేపర్లు తగ్గించి పద్ధతి మార్చి పెడితే 67.26 శాతం! రెండు లక్షల మందికి పైగా తప్పారు. మా వీధిలోనే ఇద్దరు. వాళ్లలో ఒకబ్బాయి మళ్ళీ పుస్తకం పట్టలేదు, ఇప్పుడు ఐస్ ఫ్యాక్టరీలో చేస్తున్నాడు. పేపరు మార్చేటప్పుడు పిల్లల్ని కూడా కాస్త గుర్తుపెట్టుకోండి.

ఎర్ర ఇంకు:
నేను ఇరవై ఏళ్లుగా స్పాట్‌కి, అంటే పబ్లిక్ పేపర్లు దిద్దడానికి వెళ్తున్నాను. అమ్మగారు చెప్పిన 2022 లెక్క నిజమే కానీ దానికి కారణం, తెలియని లెక్కలు ఇవ్వడమే అంటే ఒప్పుకోను. ఆ బ్యాచ్ తొమ్మిదో తరగతి సరిగ్గా బళ్లో కూర్చోలేదు. దానికి తోడు 20 ఇంటర్నల్ మార్కులు, బిట్ పేపరు 2019లోనే తీసేశారు. 94 శాతంలో ఆ ఇరవై మార్కుల వాటా ఎంతో మనందరికీ తెలుసు. చాలా బళ్లలో ఇరవైకి ఇరవై వేసుకోవడం మామూలే అప్పట్లో.

ఇక మాస్టారి పాయింటు. తెలియని లెక్క ఇస్తే పేపరు దిద్దేవాడి సంగతేంటి? పిల్లాడు తన సొంత దారిలో చేశాడనుకోండి. కీలో ఉన్న నాలుగు స్టెప్పులూ వాడి పేపర్లో కనపడవు. సరైన పద్ధతి ఏదైనా మార్కులు వేయాలనే మాట ఉంటుంది, కాదనను. కానీ ఏప్రిల్ ఎండలో, పైన ఫ్యాను కిరకిరలాడుతుంటే, మధ్యాహ్నం మూడింటికి కట్టలో చివరి పేపర్లు తీసినవాడు కుర్రాడి సొంత తర్కాన్ని వెంబడి వెళ్లి చదువుతాడా? నేనే చదవలేదు ఒకసారి. ఒకడు స్పర్శరేఖ లెక్కని త్రికోణమితితో చేశాడు. సగం మార్కులు వేసి పేజీ తిప్పేశాను. రాత్రి భోజనం దగ్గర గుర్తొచ్చింది, వాడు చేసింది పూర్తిగా కరెక్టని. పొద్దున్నే వెళ్లేసరికి కట్ట సీలైపోయింది.

తెలియని లెక్క ఇచ్చేముందు దాన్ని దిద్దడం మాకు నేర్పండి.

చెరువు గట్టు:
నేను లెక్కల్లో తప్పి రెండోసారికి గట్టెక్కినవాణ్ణి. ఇప్పుడు భీమవరం దగ్గర మూడు చెరువులు లీజుకి చేస్తున్నాను. రొయ్య కౌంట్ మీద నా బతుకు నడుస్తుంది. కిలోకి 50 తూగితే 50 కౌంటు, అంటే రొయ్య 20 గ్రాములు. 40 కౌంటుకొస్తే 25 గ్రాములు. కౌంటు తగ్గేకొద్దీ రేటు పెరుగుద్ది. ఇంకో పది రోజులు మేత వేసి ఉంచాలా, ఇప్పుడే పట్టేయాలా అన్నది రోజూ నేను చేసే లెక్క. మేత ఖర్చు, కరెంటు బిల్లు, మధ్యలో వైరస్ వస్తే మొత్తం పోద్దన్న టెన్షన్, అన్నీ అందులోనే. కౌంటునీ బరువునీ గుణిస్తే ఎప్పుడూ వెయ్యే వస్తదని నాకు ముప్పై ఏళ్ల వయసులో తెలిసింది. దాన్ని విలోమానుపాతం అంటారని మొన్న మావాడి ఎనిమిదో తరగతి పుస్తకంలో చూశాను. ఇలాంటివి అడిగితే మావాళ్లు ఎందుకు చెయ్యరండీ?

పాలకొల్లు అమ్మ:
మీ అబ్బాయి చేస్తాడు బాబూ. మాది బట్టల కొట్టు. మా అమ్మాయి కౌంట్ అంటే దారం కౌంటు అనుకుంటుంది. రొయ్యల లెక్క ఇస్తే చెరువున్న వాళ్లకి ఒక మెట్టు ముందే ఇచ్చేసినట్టు కాదా?

చెరువు గట్టు:
ఆయ్. అది నిజమే.

లంక మాస్టారు:
మంచి ప్రశ్న అడిగారమ్మా. అందుకే నేను డెల్టాలో అందరికీ తెలిసిన దాన్ని పట్టుకుంటాను. ఇదిగో, వర్గ సమీకరణాల పాఠం మీద నేనిచ్చిన లెక్క. ‘ఎకరానికి 4840 చదరపు గజాలు, వంద సెంట్లు. ఐదు సెంట్ల స్థలం పొడవు, వెడల్పుకి రెట్టింపు. వెడల్పు ఎంత?’

సెంటు 48.4 గజాలు, ఐదు సెంట్లు 242. వెడల్పు ఎక్స్ అనుకుంటే రెండు ఎక్స్ స్క్వేర్ 242, ఎక్స్ స్క్వేర్ 121, ఎక్స్ 11. అంటే 11 గజాలు, 22 గజాలు. పుస్తకంలో ఈ లెక్క లేదు, కానీ ఇందులో పుస్తకం దాటిన విషయమూ ఏమీ లేదు. తెలియని లెక్క అంటే కష్టమైన లెక్క అని కాదు నా ఉద్దేశం.

ఒకడు 11, మైనస్ 11 రెండూ జవాబులే అని రాసి చుట్టూ డబ్బా కట్టాడు. ‘మైనస్ పదకొండు గజాల స్థలం నాకు అమ్ముతావురా’ అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడు మాత్రం సీరియస్‌గా ‘సార్, గైడులో రెండూ రాస్తారు’ అన్నాడు. నిజమే, కొన్ని లెక్కల్లో రెండూ రాయాలి. ఇక్కడ ఎందుకు రాయకూడదో చెప్పగలగడమే కదా నాకు కావలసిన మార్కు.

చెరువు గట్టు:
33 బై 66! మా తాపీ మేస్త్రికి నోటికి వచ్చు ఇది. ఐదు సెంట్లంటే 33 అడుగులు, 66 అడుగులు అని అడక్కుండానే చెబుతాడు. కానీ ఆరు సెంట్లంటే తడుముకుంటాడు.

లంక మాస్టారు:
చూశారా, మేస్త్రిగారూ √5 బ్యాచే.

బిట్ పేపర్ బ్యాచ్:
అసలు బిట్ పేపరు మళ్ళీ తెస్తే గొడవుండదు కదా. తెలిసినవాడు టిక్కు పెడతాడు, తెలియనివాడు పెట్టడు. దిద్దేవాడి మూడ్‌తో పనిలేదు.

ఎర్ర ఇంకు:
మీరు ఏ హాల్లో రాశారో గానీ, నేను ఇన్విజిలేషన్ చేసిన హాళ్లలో చివరి అరగంట బిట్ పేపరు ఇవ్వగానే కిటికీల్లోంచి తేనెటీగలు దూరినట్టు ఉండేది. ఒకడు చెవి గోక్కుంటే ఏ, ముక్కు పట్టుకుంటే బి.

తణుకు ట్యూషన్:
నేను ట్యూషన్ చెప్పుకునేవాణ్ణి, కాబట్టి నా మాట కొంచెం అనుమానంగానే వినండి. మాస్టారూ, మీ √9 ఒక్క ఏడాదే పనిచేస్తుంది. ఈ మార్చిలో పబ్లిక్‌లో ఇవ్వండి, జూన్ కల్లా గైడులో √9, √16, √25 అన్నీ జవాబులతో సహా వస్తాయి. మేమే పదిసార్లు రాయిస్తాం. కొత్త లెక్క అచ్చయిన రోజే పాతదైపోతుంది. నిరంతర మూల్యాంకనం (ఏడాది పొడవునా పిల్లల్ని అంచనా వేసే పద్ధతి) వచ్చినప్పుడు ఇదే చూశాం. సమస్యా సాధనకి 40 శాతం, కారణాలు–నిరూపణలకి 20, వ్యక్తపరచడానికి 10, అనుసంధానానికి 15, ప్రాతినిధ్యానికి 15 అని ఎంతో ముచ్చటగా విడదీశారు. పుస్తకంలో ప్రశ్న ఉన్నదున్నట్టు ఇవ్వొద్దన్నారు. కొన్నాళ్లకి ‘సొంతంగా రాయాల్సిన జవాబులు’ కూడా మెటీరియల్ రూపంలో అమ్ముడుపోయాయి.

నా సలహా వేరు. సీబీఎస్ఈ వాళ్లు 2020 పరీక్షల నుంచి లెక్కల్లో బేసిక్, స్టాండర్డ్ అని రెండు పేపర్లు పెట్టారు. సిలబస్ ఒకటే, పేపరు స్థాయి వేరు. మనమూ అలాగే పెడితే అమ్మాయికి సీటు కావాలంటే స్టాండర్డ్ రాస్తుంది, గట్టెక్కితే చాలనుకునేవాడు బేసిక్ రాస్తాడు. మీ కొత్త లెక్కలన్నీ స్టాండర్డ్‌లో పెట్టుకోండి.

లంక మాస్టారు:
ఒప్పుకోను. మా బళ్లో బేసిక్ ఎవరు రాస్తారో నాకిప్పుడే తెలుసు. పొద్దున్న పాలు పోసి బడికొచ్చేవాడు, కొబ్బరి ఒలుపుకి తండ్రితో వెళ్లేవాడు. పాస్ శాతం కోసం హెడ్మాస్టర్లు తొమ్మిదో తరగతిలోనే సంతకాలు పెట్టించేస్తారు. పద్నాలుగేళ్లకే ‘నీకు ఇంత చాలు’ అని చెప్పడం అన్నమాట.

గైడుల గురించి మీరు చెప్పింది మాత్రం నా దగ్గర జవాబులేని మాట.

పాలకొల్లు అమ్మ:
మీ అందరికీ ఒక విషయం చెప్పాలి. రాత్రి మా అమ్మాయిని √9 అడిగాను. అన్నం తింటూనే ‘మూడు’ అంది. సరే, అది కరణీయ సంఖ్యా కాదా రాసి చూపించు అన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చి, మాస్టారూ, మీరు చెప్పినట్టే, √9 = ఎ/బి అనుకుందాం అని మొదలుపెట్టింది!

ఇందాక మూడు అన్నావు కదే అన్నాను. ‘అది వేరు మమ్మీ, ఇది నిరూపణ. పరీక్షలో అడిగారంటే కరణీయ సంఖ్యే అయ్యుంటుంది. కానిది ఎప్పుడూ అడగరు’ అంది. దాని మీద నాకు కోపం రాలేదు. పదేళ్లుగా అది రాసిన ప్రతి పరీక్షా దానికి అదే నేర్పింది మరి.

అయినా పబ్లిక్‌లో వద్దనే అంటాను. బళ్లో పెట్టండి, ఎన్నయినా పెట్టండి. మార్కులకి భయపడని చోట.

ఎర్ర ఇంకు:
అదీ అసలు సంగతి. ఆ పిల్లని తప్పు పట్టలేం. ఎ వర్గాన్ని 9 భాగిస్తే ఎ ని కూడా భాగించాలని లేదు. 6 వర్గం 36ని 9 భాగిస్తుంది, 6ని భాగించదు. ప్రధానాంకానికైతే ఆ నియమం తప్పదు. మనం ఆ ‘ప్రధానాంకం’ అన్న మాటని ఎన్నిసార్లు చదివించాం, ఎన్నిసార్లు ఎందుకని అడిగాం? నేనైతే అడగలేదు.

కానీ అమ్మగారూ, బళ్లో పెట్టమంటే పెట్టరండి. పబ్లిక్‌లో రానిది బళ్లో ఎవరూ ముట్టుకోరు. ఆ వీధి చివర ట్యూషన్‌కి పంపేది కూడా మీరే కదా.

లంక మాస్టారు:
నా 20 మార్కుల్ని 8కి దించుకుంటాను. ఒక నాలుగు మార్కుల లెక్క, రెండు మార్కులవి రెండు. ఎర్ర ఇంకు గారి మాట కూడా కలిపి, ఆ మూడింటికీ కీ బదులు ఒక్కోదానికి నాలుగైదు రకాల పిల్లల జవాబులు స్పాట్‌కి ముందే మాస్టార్లకి చూపించాలి. గైడులకి విరుగుడు నాకు తోచలేదు.

ఈ శనివారం మా పిల్లలకి ఇవ్వబోయేది ఇది, చూసి చెప్పండి. ‘ధవళేశ్వరం దగ్గర గోదావరి వరదకి మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, దాదాపు 10 లక్షల క్యూసెక్కులు. రెండోది 13.75కి, 13 లక్షలు. మూడోది 17.75కి, 17 లక్షలు. ఈ మూడు బిందువులూ ఒకే సరళరేఖ మీద ఉన్నాయా?’ నిరూపక జ్యామితి మీద.

గౌతమి పిల్ల:
నేను పదో తరగతే, మీ బడి కాదు సార్. చేశాను. మొదటి రెండింటి మధ్య 2 అడుగులకి 3 లక్షలు పెరిగింది. తర్వాత 4 అడుగులకి 4 లక్షలే. వాలు 1.5, తర్వాత 1. ఒకే రేఖ మీద లేవు. త్రిభుజ వైశాల్యంతో కూడా చూశాను, 2 చదరపు యూనిట్లు వచ్చింది, సున్నా రాలేదు. ఇది పుస్తకంలో లేదు కదా, ఎన్ని మార్కులు సార్?

చెరువు గట్టు:
తల్లీ, 15.75 ఉంటే ఎన్ని లక్షలు?

గౌతమి పిల్ల:
రెండో ముక్క గీతే అనుకుంటే 15 లక్షలు అంకుల్. కానీ గీత వంకరగా ఉంటే చెప్పలేను.

చెరువు గట్టు:
మా చెరువు గట్టు మీద నుంచి నీళ్లు పోవడానికి అంత అవసరం లేదులే. మాస్టారూ, ఈ పిల్లకి ఎన్ని వేస్తారు?

లంక మాస్టారు:
‘చెప్పలేను’ అన్నదానికి కూడా ఒక మార్కు వేస్తాను. ఎర్ర ఇంకు గారు ఒప్పుకుంటే.

ఎర్ర ఇంకు:
కీలో రాయించండి, వేస్తాను.