కావేరిలో మహసీర్: పట్టి వదిలేస్తే నష్టం లేదా? హేచరీ పిల్లలను వదలవచ్చా?

ప్రశ్న (కె.ఆర్.పురం నుంచి)

అందరికీ నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లా. ఉద్యోగరీత్యా చాలాకాలంగా బెంగళూరులో ఉంటున్నాను. చిన్నప్పుడు కాలువ గట్ల మీద గాలం వేసిన అలవాటుందని తెలిసి, ఇక్కడి సహోద్యోగులు కావేరిలో మహసీర్ అనే పెద్ద నదీ చేప వేటకు రమ్మంటున్నారు. పట్టిన చేపను తూచి, ఫోటో తీసుకుని తిరిగి నీటిలో వదిలేస్తాం కాబట్టి నదికి నష్టమేమీ ఉండదని వారి మాట. పైగా తలా కొంత వేసుకుని, హేచరీలో (చేపపిల్లలను పుట్టించి పెంచే కేంద్రంలో) మహసీర్ పిల్లలను కొని కావేరి ఒడ్డునున్న సంగమ దగ్గర వదలాలని కూడా అనుకుంటున్నారు. మా బావగారు ఆ రెండూ వద్దంటున్నారు గానీ కారణం అడిగితే "నదిని దాని మానాన వదిలేయండి" అని ఊరుకుంటున్నారు. తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (జయనగర్ నుంచి)

ముందు స్థలం సంగతి తేల్చుకోండి. సంగమ, ముత్తత్తి, భీమేశ్వరి ప్రాంతాల్లో నది 1987లో ఏర్పాటైన కావేరి వన్యప్రాణి అభయారణ్యంలోకి వస్తుంది. ఒకప్పుడు భీమేశ్వరి, దొడ్డమాకళి, గాలిబోరె శిబిరాల్లో రాగిముద్ద ఎరగా మహసీర్ వేట బాగా సాగేది. అభయారణ్యంలో వేటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదన్న కారణంతో 2012 నాటికి అది ఆగిపోయింది. కనుక మీ మిత్రులను అటవీశాఖ రాతపూర్వక అనుమతి చూపించమనండి. అది లేకపోతే మిగతా చర్చ అనవసరం.

జవాబు 2 (మత్స్యశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవాడిని, మల్లేశ్వరం)

పట్టి వదిలేయడం కన్నా ఆ చందాల ఆలోచనే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

మహసీర్ ఒకటే జాతి కాదు. కావేరికి సొంతమైనది మూపు ఎత్తుగా, రెక్కలు నారింజ రంగులో ఉండే రకం. 1946లో మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ కావేరి ఉపనది కబినిలో 120 పౌన్లు తూగిన మహసీర్‌ను పట్టారని వేటగాళ్లు నేటికీ చెప్పుకుంటారు. అంతటి చేపలతో పేరుపడ్డ ఈ రకానికి 2018 వరకు సరైన శాస్త్రీయ నామమే ఖాయం కాలేదు. ఆ ఏడాది ఇది టోర్ రెమాదేవీ అని పరిశోధకులు నిర్ధారించారు. అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో ఒకటిగా ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) ఎర్ర జాబితాకు ఎక్కిందీ అప్పుడే.

హేచరీల నుంచి కావేరిలోకి వచ్చింది మాత్రం నీలిరెక్కల మహసీర్, అంటే టోర్ ఖుద్రీ. దాని సొంత నీళ్లు పుణె పక్కన ప్రవహించే ముళా-ముఠా వంటి కృష్ణా పరీవాహక నదులు. లోనావ్లాలో ఆ చేపకు కృత్రిమంగా గుడ్లు పెట్టించే పద్ధతి కుదిరాక, దాని పిల్లలను ఎన్నో రాష్ట్రాలకు పంచారు. తగ్గిపోతున్న చేపను నిలబెట్టాలన్న మంచి ఉద్దేశంతోనే కావేరిలోనూ వదిలారు. ఫలితం ఆ శిబిరాల వేట పుస్తకాల్లోనే దొరికింది. 1998 నుంచి 2012 దాకా రాసిపెట్టిన ఆ లెక్కలను చూస్తే, గాలానికి పడిన మహసీర్‌ల మొత్తం సంఖ్య పెరిగింది. కానీ ఆ పెరుగుదలంతా నీలిరెక్కలదే. మూపు మహసీర్ ఏటేటా తక్కువగా పడుతూ వచ్చింది, పడిన ఒకటీ అరా మాత్రం మునుపటికన్నా బరువుగా ఉంటూ వచ్చాయి. వేటగాడికి పెద్ద చేప పడడం సంబరమే కావచ్చు. అయితే ఏ నదిలోనైనా ముసలి చేపలే పడుతూ చిన్నవి కనిపించకపోతే, కొత్త తరం అందిరావడం లేదని దాని అర్థం.

గుడ్లు పెట్టే తీరు తెలిస్తే ఇంకొంత బోధపడుతుంది. బొచ్చె, శీలావతి లక్షల గుడ్లు వదులుతాయి. మహసీర్ పెట్టేవి వాటితో పోలిస్తే చాలా తక్కువ. వానాకాలపు కొత్తనీటికి ఎదురీది, గులకరాళ్ల మీదుగా స్వచ్ఛమైన నీరు పారే చోట గుడ్లు పెడుతుంది. ఆ గులకను, ఇసుకను లారీలకు ఎత్తినా, ఎగువ ఆనకట్ట నుంచి వదిలే నీరు పొద్దున ఉప్పొంగి సాయంత్రానికి తగ్గిపోయినా గుడ్లు నిలవవు. అటువంటి చోట పరాయి పిల్లలను వేలల్లో వదిలితే, ఉన్న కాసింత తిండికీ చోటుకూ పోటీ పెంచినట్టే అవుతుంది.

ఇక పట్టి వదిలేయడం. అనుమతి ఉన్న మరోచోట వేటాడేటప్పుడైనా వెనుక మొన లేని గాలపు ముల్లు వాడి, దాన్ని చేప నీటిలో ఉండగానే తీయాలి. పొడి చేతులతో పట్టుకుంటే ఒంటి మీది జిగురుపొర ఊడిపోయి, ఆ చోట బూజు పట్టవచ్చు. మొప్పల్లో వేళ్లు పెట్టి ఎత్తడం, పెద్ద చేపను దవడకు వేలాడదీసి తూచడం అసలు కూడదు. వదిలేటప్పుడు కడుపు కింద చెయ్యి ఆనించి, తలను ప్రవాహానికి ఎదురుగా పెట్టి, అది తనంతట తాను తోక ఆడించి జారిపోయేదాకా ఆగాలి. ఏప్రిల్, మే నెలల్లో నీరు వేడెక్కి ప్రాణవాయువు తగ్గిపోతుంది. అలసిన చేప మన కళ్లముందు ఈదిపోయినా తర్వాత చనిపోవచ్చు. ఆ రోజుల్లో గాలం ఇంట్లో ఉండడమే మేలు.

జవాబు 3 (వైట్‌ఫీల్డ్ నుంచి)

మాస్టారి మాటను గౌరవిస్తూనే ఒక సంగతి చెప్పాలి. శిబిరాలు నడిచిన రోజుల్లో, అంతకుముందు దొంగచాటుగా చేపలు పట్టినవారికే గైడ్లుగా, కాపలాదారులుగా జీతాలు ఇచ్చేవారు. నీటిలో మందుగుండు పేల్చి చేపలను చంపడం 1897 నాటి మత్స్య చట్టం ప్రకారమే నేరం, కానీ రాత్రివేళ నది ఒడ్డున మనిషి లేకపోతే ఆ చట్టాన్ని అమలు చేసేదెవరు? ఒక్క పేలుడుకు పెద్ద చేపతో పాటు వేలెడు పిల్లలూ తేలిపోతాయి. గాలం పట్టేవాళ్లను పంపేసి మందుగుండు వాళ్లకు దారి వదిలినట్టు అయిందని నా అభిప్రాయం.

జవాబు 4 (మల్లేశ్వరం నుంచి మళ్లీ)

మీరు చెప్పినదాన్ని కాదనను. ఆ వేట పుస్తకాలే లేకపోతే మూపు మహసీర్ తగ్గుదల మనకు తెలిసేదే కాదు. అయితే కాపలాకు జీతం ఇవ్వడానికి గాలమే ఆధారం కానక్కరలేదు. ప్రశ్న అడిగినవారికి పులస సంగతి గుర్తు చేస్తాను: ధవళేశ్వరంలో 1852లో ఆనకట్ట పూర్తయ్యాక సముద్రం నుంచి వచ్చే ఆ చేపకు ఎగువ దారి మూసుకుపోయింది. చేపకు దారి, గుడ్లకు చోటు లేనప్పుడు బయటి నుంచి ఎన్ని పిల్లలు తెచ్చి పోసినా ఆ లోటు తీరదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. పిల్లలను వదిలే ఆలోచన మానుకోమని మిత్రులకు ఈ జవాబులన్నీ పంపాను. ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకరు ఇంకా వాదిస్తున్నారు. అనుమతి పత్రం ఎవరి దగ్గరా లేదని కూడా తేలింది. వేట సరదా తీర్చుకోవడానికి నగరం చుట్టుపక్కల, డబ్బు కట్టించుకుని గాలం వేయనిచ్చే పెంపకపు చెరువులు ఉంటే చెప్పగలరు. బొచ్చె పడినా చాలు.