మా పక్కింటాయనకి సాకర్ ఎలా అలవాటు చేయాలి?

మేముండేది డాలస్‌లో. పక్కింటాయన ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్‌కి వీరాభిమాని. 2022 వరల్డ్ కప్‌లో అమెరికా, ఇంగ్లండ్ మ్యాచ్ 0-0తో ముగిస్తే, ఇంతసేపు కూర్చోబెట్టి ఎవరూ గెలవకపోవడమేంటని నవ్వాడు. అదే మనిషి ఇప్పుడు అమెరికా జట్టు ఆడుతోందంటే చాలు, చిప్స్ గిన్నె పట్టుకుని మా సోఫాలో వాలిపోతున్నాడు. తంటా అంతా ఆఫ్‌సైడ్ దగ్గరే, అంటే బంతినీ ప్రత్యర్థి డిఫెండర్లనీ దాటి ముందుండి పాస్ అందుకోకూడదనే రూల్. బంతి అందుకున్నప్పుడు కాదు, పాస్ ఇచ్చిన క్షణంలో ఆ ఆటగాడు ఎక్కడున్నాడో చూడాలని ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా పెట్టి మరీ చూపించాను. నేనూ క్రికెట్ మనిషినే, అంతకుమించి నాకూ రాదు.

పెద్ద టోర్నీలు లేనప్పుడు ఏం చూపించమంటారు? ఇంగ్లండ్‌లో జరిగే ప్రీమియర్ లీగ్ శనివారం తొలి మ్యాచ్ ఇక్కడ పొద్దున 6:30కే, ఆయన చచ్చినా లేవడు. ఇక్కడి సాకర్ క్లబ్ ఎఫ్‌సీ డాలస్ మ్యాచ్‌కి తీసుకెళ్తే నయమా? ఇలా ఎవరినైనా దారిలో పెట్టినవాళ్లుంటే కాస్త చెప్పండి.