క్షమాపణ అడగనివాణ్ణి కూడా క్షమించాలా?

సందేహాల తోమా:
అందరికీ వందనాలు. నాలుగేళ్ల క్రితం మా పెదనాన్నగారి అబ్బాయి మూడు లక్షల లోన్ తీసుకుంటూ ష్యూరిటీ అడిగితే సంతకం పెట్టాను. ఎనిమిది నెలలు కట్టి మానేశాడు. అప్పట్నుంచి నా జీతంలో కట్ అవుతోంది. ఆయనదీ మా చర్చి సంఘమే. ఆదివారం కానుకల సంచి పట్టుకుని మా వరుస దగ్గరికొచ్చి "వందనాలు తమ్ముడూ" అని నవ్వుతాడు, ఆ సంచిలో పది రూపాయలు వేయడానికి కూడా నాకు చెయ్యి రాదు. క్షమించకపోతే నీ ప్రార్థన పైకప్పు దాటదు అంటారు పాస్టరుగారు. యేసు నేర్పిన పరలోక ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గరికి రాగానే నోరు మూసేసుకుంటున్నాను, పలికితే అబద్ధం కదా. ఏం చేయాలి?

పాత బైబిలు:
క్షమించక్కర్లేదు. లూకా 17:3 చదవండి, యేసు ముందు గద్దించమన్నాడు, మారుమనస్సు పొందితే క్షమించమన్నాడు. అందరూ డెబ్బది ఏళ్ల మారులు (అంటే డెబ్బై ఏడుల సార్లు) క్షమించమన్నాడు అనేసి ఈ వచనం దాటేస్తారు. మత్తయి 18లోని ఉపమానంలో నూరు దేనారాలు బాకీ ఉన్నవాడు కూడా సాగిలపడి గడువు అడిగాడండీ. దేనారం అంటే రోజు కూలి, అంటే వంద రోజుల కష్టం, చిల్లర డబ్బేం కాదు. మీ అన్న కనీసం గడువైనా అడిగాడా?

వెనక బెంచీ:
సిలువ దగ్గర ఎవరు సారీ చెప్పారు బ్రదర్? "వీరేమి చేయుచున్నారో వీరెరుగరు" అని యేసే ముందు వాళ్ల కోసం క్షమాపణ అడిగాడు. అంతదాకా ఎందుకు, 1999 జనవరిలో ఒడిశా మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ని, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్‌ని, ఆరేళ్ల తిమోతిని బండిలో పడుకుని ఉండగా తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్‌గారు ఎవరి క్షమాపణ కోసమూ చూడకుండా క్షమించానన్నారు, పైగా 2004 దాకా ఆ రాష్ట్రంలోని బారిపదలోనే ఉండి కుష్ఠురోగుల పని చూసుకున్నారు. ఆమె ముందు మన మూడు లక్షలు ఎంత?

పాత బైబిలు:
అలా పోల్చడమే నాకు నచ్చదు. ఎవరి నొప్పి వాళ్లది. ఇంకోటి, ఆమె క్షమించినంత మాత్రాన కేసు ఆగిపోయిందా? 2003లో ఆ హత్యల ప్రధాన దోషి దారాసింగ్‌కి ఉరిశిక్ష పడింది, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవం చేసింది, 2011లో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. క్షమించడం వేరు, లెక్క కొట్టేయడం వేరు.

నైట్ డ్యూటీ నర్సు:
పాత బైబిలుగారి చివరి మాట మన పెద్దలకి ఎవరైనా చెప్పండి ప్లీజ్. మా వార్డుకి ఒకామె మూడోసారి వచ్చింది, ఈసారి మణికట్టు విరిగి. కట్టు కడుతుంటే "క్షమించి కాపురానికి వెళ్లమన్నారు సిస్టర్, వెళ్లాను" అంది. అతను మాత్రం బయట కుర్చీలో ఫోన్ చూసుకుంటున్నాడు. మనసులో పగ లేకపోవడం ఒకటి, మళ్లీ అదే గడప తొక్కడం ఇంకొకటి. ఈ రెండింటినీ ఒకటే చేసి చెప్పే ప్రసంగాలు విని విని విసుగొచ్చింది నాకు. తోమాగారూ, మీరు పగ వదిలేయండి, కానీ ఇంకోసారి ష్యూరిటీ మాత్రం పెట్టకండి 🙏

వెనక బెంచీ:
సిస్టర్ చెప్పింది ఒప్పుకుంటున్నాను, నేను గ్లాడిస్‌గారి పేరు ఎత్తింది మీ నోరు మూయించడానికి కాదు తోమాగారూ. అయినా షరతు సంగతి మాత్రం ఒప్పుకోను, అవతలివాడు మారేదాకా నా మనసు తాళంచెవి అతని జేబులో ఉండాలా? అన్నట్టు ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. నాలుగేళ్లలో ఆయన్ని మీరు ఒక్కసారైనా నేరుగా అడిగారా? మత్తయి 18:15లో ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి గద్దించమని ఉంది. అది కూడా ఆజ్ఞే.

సందేహాల తోమా:
లేదండీ. పెదనాన్నకి చెప్పాను, పాస్టరుగారికి చెప్పాను, మా ఆవిడకి రోజూ చెప్తున్నాను. ఆయన్ని మాత్రం అడగలేదు. పెద్దవాడు కదా అని నోరు రాలేదు, మర్యాద అనుకున్నాను, ఇప్పుడు చూస్తే భయమేమో. ఎల్లుండి మొదటి ఆదివారం, ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) ఉంది. రేపు సాయంత్రం వాళ్లింటికి వెళ్తున్నాను. కట్ అయిన డబ్బు లెక్కంతా ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను. ప్రార్థన చేయండి, ముఖ్యంగా వదినగారు టీ ఇచ్చి మాట మార్చకుండా.