విన్‌ఫీల్డ్ గిటార్ పోటీకి బ్లాక్‌బెర్రీ బ్లాసమా, జెరూసలెం రిడ్జా?

తీగలబండి: సెప్టెంబర్‌లో కాన్సాస్ విన్‌ఫీల్డ్‌లో జరిగే వాల్‌నట్ వ్యాలీ ఫెస్టివల్‌కి వెళ్తున్నా, ఫ్లాట్‌పిక్ (పిక్‌తో తీగలు మీటే) గిటార్ పోటీకి మొదటిసారి పేరిచ్చాను. మొదటి రౌండ్‌లో రెండు ట్యూన్లు, పైకెళ్లిన ఐదుగురు ఇంకో రెండు వాయించాలి. బ్యూమాంట్ రాగ్ ఖాయం, రెండోదే తేలట్లేదు. బ్లాక్‌బెర్రీ బ్లాసమ్ ఆరేళ్లుగా వాయిస్తున్నా, నిద్రలో లేపినా వస్తుంది. బ్లూగ్రాస్ అనే అమెరికన్ సంగీతానికి ఆద్యుడు బిల్ మన్రో, ఆయన జెరూసలెం రిడ్జ్ పట్టుకుని నాలుగు నెలలైంది, నాలుగు భాగాలు, ఇంకా చేతికి పూర్తిగా ఎక్కలేదు. ఏది మంచిది?

గుంటూరుపిక్: బ్లాక్‌బెర్రీ మాత్రం వద్దు బ్రో. 1972 నుంచి జరుగుతున్న పోటీ అది, స్టీవ్ కాఫ్‌మన్ 1978, 1984, 1986లో మూడుసార్లు గెలిచిన పోటీ. ఆ ట్యూన్ అక్కడ ఎన్ని వందలసార్లు విని ఉంటారో. మొదటి నాలుగు బార్లకే (బార్ అంటే నాలుగు దెబ్బల ముక్క) జడ్జి చెవి మూసుకుంటుంది.

ఎనిమిదితీగలు: తమ్ముడూ, చేతికి ఎక్కనిది స్టేజి ఎక్కించకు. నా అనుభవం చెప్తా. నేను మాండొలిన్, ఒక చిన్న పోటీలో మన్రో రాహైడ్ వాయించా, ఇంట్లో శుభ్రంగా వచ్చేది, స్టేజి మీద గుండె దడకి వేగం పెరిగిపోయి రెండో భాగంలో కుడిచెయ్యి బిగుసుకుపోయింది, మధ్యలో ఆగిపోయాను. ఎనిమిదేళ్లయింది, ఆ నిశ్శబ్దం ఇంకా చెవిలో ఉంది. తెలిసిన ట్యూనే వాయించు, మొదటి చుట్టు మెలొడీ ఉన్నదున్నట్టు వినిపించు, తర్వాత నీ ఇష్టం.

గుంటూరుపిక్: రాహైడ్ ఎంచుకోవడమే తప్పు అక్కా, దానికీ దీనికీ పోలికేంటి.

ఎనిమిదితీగలు: రాహైడ్ గురించి కాదు నేను చెప్పేది, వేగం గురించి.

గుంటూరుపిక్: మీరే కదా రాహైడ్ తెచ్చింది?

కేపోరెండు: ఓ లెక్క చెప్తా. ఒక చుట్టు 32 బార్లు, తాళం వేసే మెట్రోనోమ్ నిమిషానికి 240 దెబ్బల మీద అర నిమిషం. మూడు చుట్లంటే నిమిషంన్నర పైమాట, అంతే. అందులో ఒక చుట్టు మామూలు మెలొడీకి ఇచ్చేస్తే మిగిలేది రెండే.

గుంటూరుపిక్: అదే నా బాధ. సరే, బ్లాక్‌బెర్రీయే వాయిస్తానంటే ఇలా చెయ్యి. జీ కీలో ఎఫ్ షార్ప్, సీ తీసేస్తే మిగిలేది మన మోహన రాగం. రెండో భాగం ఈ-మైనర్ (E minor)కి దిగుతుంది కదా, అక్కడ E స్వరాన్ని షడ్జం అనుకుంటే అవే ఐదు స్వరాలు శుద్ధ ధన్యాసి. గ్రహభేదం, అంటే అవే స్వరాల్లో షడ్జం మార్చి ఇంకో రాగం తేవడం, ఆ ట్యూన్‌లోనే కూర్చుని ఉంది! మొదటి చుట్టు నుంచే అలా వాయిస్తే ఇంకెవరి దగ్గరా దొరకదు.

ఎనిమిదితీగలు: మొదటి భాగం పైనుంచి మెట్లు దిగుతున్నట్టు వస్తుంది, కింద జీ, డీ, సీ, జీ అని కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) గబగబా మారతాయి. ఆ మెట్లలో రెండు పీకేస్తే అది బ్లాక్‌బెర్రీ ఎలా అవుతుంది? వేరే ట్యూన్ పేరు పెట్టుకోండి.

గుంటూరుపిక్: మీ సలహాలన్నీ ఇంతే అక్కా, బ్లూగ్రాస్ వాళ్లు ఒప్పుకోవాలి కాబట్టి అచ్చం వాళ్లలా వాయించు అని. ఇది భయం, సంప్రదాయం కాదు.

ఎనిమిదితీగలు: భయమా? పందొమ్మిదేళ్ల కింద మాండొలిన్ పట్టుకుని మొదటిసారి ఒక జామ్‌లో, అంటే అందరూ చేరి వాయించే చోట, కూర్చుంటే, నా వంతు రాగానే "మీ ఇండియన్ పాట ఏదైనా వాయించండి" అన్నారు. మిగతా ఎవరినీ అలా అడగలేదు. నేను వచ్చింది మన్రో కోసం. ఇంకెవరూ అలా అడక్కూడదని ఆయన ట్యూన్లు స్వరం స్వరం నేర్చుకున్నా. ఇప్పుడు మీరే ఈ అబ్బాయిని ఆ కుర్చీలో కూర్చోబెడుతున్నారు.

గుంటూరుపిక్: నన్ను ఒక్కరు కూడా అడగలేదక్కా. విజయవాడలో పదేళ్లు వయొలిన్ నేర్చుకున్నా, ఇక్కడ పదిహేనేళ్లుగా అది లేనట్టే గిటార్ వాయిస్తున్నా. అడిగితే బాగుండని ఎన్ని రాత్రులు అనుకున్నానో మీకు తెలీదు.

కేపోరెండు: విన్‌ఫీల్డ్‌లో జడ్జిలకి వాయించేవాళ్లు కనపడరు. నంబర్ మాత్రమే తెలుస్తుంది. మొహం, పేరు ఏవీ తెలీవు.

ఎనిమిదితీగలు: తెలుసు. అందుకే నాకు ఆ పోటీ అంటే ప్రాణం.

గుంటూరుపిక్: నాకూ అందుకే. ఎవరో తెలీకుండానే ఆ శుద్ధ ధన్యాసి విని తలెత్తాలి.

తీగలబండి: రాత్రి రెండూ రికార్డ్ చేసి విన్నా. జెరూసలెం రిడ్జ్ మూడో భాగంలో రెండుసార్లు పడిపోయాను, కాబట్టి బ్లాక్‌బెర్రీయే. మొదటి చుట్టు మెలొడీ అలాగే ఉంచుతా. గుంటూరుపిక్ అన్న చెప్పిన స్వరాలు మూడో చుట్టులో, ఈ-మైనర్ దగ్గర మాత్రమే పెట్టి చూశా, ఒళ్లు జల్లుమంది. మొదటి భాగంలో పెడితే మాత్రం అక్క అన్నట్టే ట్యూన్ మాయమైంది. ఇక పక్కన రిథమ్ వాయించేవాళ్లు ఒకరు కావాలి.

గుంటూరుపిక్: బ్లాక్‌బెర్రీ తప్పే అని ఇప్పటికీ అంటాను. ఆ మూడో చుట్టు రికార్డింగ్ మాత్రం నాకు పంపు.

ఎనిమిదితీగలు: నాక్కూడా. రిథమ్ గిటార్ నేను వాయిస్తా తమ్ముడూ, ఫెస్టివల్ క్యాంపింగ్ చోటు పెకన్ గ్రోవ్‌లో టెంట్ వేస్తాం, బుధవారం సాయంత్రం వచ్చెయ్. 220 మీద మొదలుపెడదాం, స్టేజి మీద నువ్వు పరిగెత్తినా నేను మాత్రం అక్కడే ఉంటా.